మొక్కకో కమిటీ కావాలి

మొక్క బతకాలంటే ఏం కావాలి? నీళ్ళు, ఎండ, గుప్పెడు ఎరువు అంటారు మీరు. పాతకాలపు మాట! మొక్క బతకాలంటే ముందు ఒక ప్రెసిడెంటు కావాలి. తర్వాత సెక్రటరీ, బ్యానరు, మైకు, వందన సమర్పణ. ఇవేవీ లేకుండా అడవులు ఇన్నాళ్ళు ఎలా పెరిగాయో ఆలోచిస్తే ఒళ్ళు గగుర్పొడుస్తుంది!

నవ్వకండి. మా వీధిలో కళ్ళజోళ్ళ షాపు పెట్టుకున్నాయన సంగతి వింటే మీరే ఒప్పుకుంటారు.

ఆయనకు సైటు, చత్వారం తప్ప మూడో లోకం తెలియదు. మేడ మీద కుండీలన్నీ భార్యవి. ఆవిడకు మోకాలి ఆపరేషనై మంచాన పడింది. కొన్నాళ్ళు మెట్లెక్కకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆవిడ కుండీలన్నీ ఇరుగుపొరుగుకు ఇచ్చేసి, మనసొప్పక ఒక్క వంగమొక్కను మాత్రం ఉంచుకుంది.

"నేను లేచి తిరిగేదాకా దాన్ని బతికించండి, చాలు. పూతా కాతా తర్వాత సంగతి" అంది భర్తతో.

అదెంత పని అనుకున్నాడాయన. చెంబుడు నీళ్ళే కదా! కానీ కొద్దిరోజులకే ఆకుల వెనక పిండి చల్లినట్టు తెల్లగా లేచింది. కొమ్మలు తలలు వేలాడేశాయి. రోజూ సాయంత్రం ఆవిడ "ఎలా ఉందండీ?" అని అడగడం, ఈయన "భేషుగ్గా ఉంది" అనడం. నొప్పులతో ఉన్న మనిషిని బెంగపెట్టడం ఎందుకని ఆయన ఆలోచన. అబద్ధమైతే సులువుగానే వచ్చేది గానీ, ఆ తర్వాత భోజనం సగంలోనే వదిలేసి లేచిపోయేవాడు.

ఆ సంగతి పసిగట్టినవాడు బావమరిది. గార్డెనింగ్ క్లబ్బుకు సెక్రటరీ.

"మా క్లబ్బుండగా నీకు దిగులేంటి బావా? శనివారం మీటింగుకొచ్చెయ్. మా వాళ్ళు ఆకు చూసి జాతకం చెప్పేస్తారు!"

కళ్ళజోళ్ళాయన జబ్బు చేసిన ఆకునొకదాన్ని కళ్ళజోడు పెట్టెలో భద్రంగా పెట్టుకుని వెళ్ళాడు. ప్రెసిడెంటు గారు పచ్చదనం మీద ప్రసంగించారు. ప్రసంగించినందుకు ఆయనకు సభ్యులు ధన్యవాదాలు తెలిపారు. ధన్యవాదాలు తెలిపినందుకు ఆయన కృతజ్ఞతలు చెప్పారు. తర్వాత సభ్యుల టోపీలు ఆకుపచ్చవా, చిలకపచ్చవా అన్న చర్చ మొదలై, ఇద్దరు పెద్దమనుషులు చొక్కాలు పట్టుకునేదాకా వెళ్ళింది.

సందు చూసి ఈయన లేచాడు. "మా వంగమొక్కకండీ..."

ప్రెసిడెంటు గారు నొచ్చుకున్నారు. "మొక్కల విషయం ఇవాళ ఎజెండాలో లేదండీ. ఎవరికి తోచింది వాళ్ళు మాట్లాడితే క్రమశిక్షణ ఏమైపోవాలి?"

ఎంత నిజం! గార్డెనింగ్ క్లబ్బన్నాక ఎవరు పడితే వాళ్ళు వచ్చి మొక్కల గురించి మాట్లాడితే ఎట్లా?

అయినా వాళ్ళది దయగల క్లబ్బు. ఆయనను ఎక్స్‌కర్షన్‌కు తీసుకెళ్ళింది. ఊరి బయట పెద్ద నర్సరీకి ప్రయాణం. నర్సరీవాణ్ణి పట్టుకుంటే మందు తెలుస్తుందని ఈయన తెల్లారకముందే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. బస్సు టిఫిన్లకాగింది. వంతెన దగ్గర గ్రూపు ఫోటోకాగింది. కుర్చీలాటకాగింది. కుర్చీలాటలో ఓడిపోయిన ప్రెసిడెంటు గారి అలక తీర్చడానికి ఇంకాసేపాగింది. చేరేసరికి నర్సరీకి తాళం వేస్తున్నారు.

కళ్ళజోళ్ళాయన పరుగెత్తి గేటు ఊచలు పట్టుకున్నాడు. "బాబూ, ఆకుల వెనక తెల్లగా పిండిలా పడితే..."

నర్సరీవాడు నోరు తెరిచాడు. ఇద్దరి మధ్యా బ్యానరు దిగింది.

"కొంచెం పక్కకు జరుగు బావా! నువ్వు అడ్డొచ్చి 'వనమే ధనం'లో వనం కనపడట్లేదు!"

ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. గేటు కూడా స్పష్టంగా పడింది.

పట్టు వదలని బావమరిది చివరికి ఒక పరిశీలక కమిటీనే వేయించాడు. ఆదివారం పొద్దున్నే కమిటీ చెప్పులతో సహా మేడెక్కింది. ఒకరు సబ్బునీళ్ళు పోశారు. ఒకరు బూడిద చల్లారు. ఒకరు టీ డికాక్షన్ వంపారు. వేళ్ళకు గాలాడాలని ఇంకొకరు కుండీలో గరిట పెట్టి కెలికారు. మొక్కలకు సంగీతమంటే ప్రాణమని ఒకాయన పాటెత్తుకుంటే, ఒక ఆకు అక్కడికక్కడే రాలింది. దాన్ని చప్పట్లుగా భావించి ఆయన రెండో పాట అందుకున్నాడు. అందరూ కొమ్మ పట్టుకుని ఫోటోలు దిగేసరికి కొమ్మ ఊడి చేతికొచ్చింది.

కింద మంచం మీంచి భార్య కేకేసింది. "ఏమండీ, మన మేడ మీద ఎవరి పెళ్ళి?"

కమిటీ వెళ్ళిపోయాక ఆయన దోషిలా వచ్చి నిలబడ్డాడు. కళ్ళనీళ్ళు ఒక్కటే తక్కువ. ఆకుల వెనక తెలుపు దగ్గర్నుంచి విరిగిన కొమ్మ దాకా మొత్తం కక్కేశాడు.

ఆవిడ మంచం మీద లేచి కూర్చుంది. "ఇన్నాళ్ళ నుంచీ ఆ తెలుపుంటే, క్లబ్బువాళ్ళనడిగారు గానీ నన్నడగలేదా?"

"నువ్వు బెంగపడతావని..."

"కాలికయింది ఆపరేషను. నోటికి కాదు. తీసుకురండి కిందికి."

కుండీని పసిబిడ్డలా ఎత్తుకొచ్చి మంచం పక్క స్టూలు మీద పెట్టాడు. షాపులో అద్దాలు చూసే భూతద్దం ఆవిడ చేతికిచ్చాడు. "పిండినల్లి పురుగు" అని తేల్చేసింది ఆవిడ. తడిగుడ్డతో ఆకు ఆకునూ వెనక నుంచి తుడవడం మొదలుపెట్టింది. అందని ఆకులు ఆయన తుడిచాడు. రోజూ ఇద్దరూ అదే పని. కొత్త చిగురొచ్చింది. ఒక పొద్దున ఊదారంగు మొగ్గ కనపడితే ఆవిడ ఆయన్ను నిద్రలేపి మరీ చూపించింది.

సరిగ్గా అప్పుడే బావమరిది ఫోను. "శుభవార్త బావా! మీ మొక్కను మళ్ళీ పరిశీలించాలని తీర్మానమైంది. ఈసారి ఇంకో రెండు క్లబ్బులు కూడా వస్తున్నాయి!"

కళ్ళజోళ్ళాయన ఫోను మూసిపట్టుకుని సంగతి చెప్పి, భార్య కేసి చూశాడు.

"పోయిందని చెప్పండి" అంది ఆవిడ, మొగ్గకు చెయ్యి అడ్డుపెట్టి.

చెప్పాడు. క్లబ్బు తల్లడిల్లింది. వంగమొక్కకు సంతాప సభ పెట్టింది! చచ్చిన మనుషులకే దిక్కులేని ఈ రోజుల్లో ఇంతకన్నా సంస్కారం ఎక్కడ చూస్తాం? ఈ ఏడాది స్వర్గస్థులైన మొక్కలన్నిటినీ ప్రెసిడెంటు గారు గద్గద స్వరంతో స్మరించారు. టైలరమ్మ గారి మిరప, పోస్ట్‌మాన్ గారి నిమ్మ, ఇంకా ఎన్నో. అన్నీ క్లబ్బు పరిశీలించినవే. అందరూ లేచి రెండు నిమిషాలు మౌనం పాటించారు.

తల వంచుకుని నిలబడ్డ కళ్ళజోళ్ళాయన చెవిలో పక్కనున్న టైలరమ్మ గుసగుసలాడింది. "మీదెలా ఉందండీ?"

"ఏదండీ?"

"అదే. ఆ పోయిన మొక్క."

ఆయన అటూ ఇటూ చూశాడు. "పూతకొచ్చింది. మీది?"

"పొద్దునే కాయలు కోశా."

ముందు వరసలో ఆ మాట విన్న పోస్ట్‌మాన్‌కు నవ్వాగలేదు. రుమాలు నోట్లో కుక్కుకున్నాడు. భుజాలు ఎగిరెగిరిపడ్డాయి.

అది చూసి చలించిపోయిన ప్రెసిడెంటు గారు మౌనాన్ని ఇంకో నిమిషం పొడిగించారు.