మార్లిస్ కొలత

మార్లిస్ తూటా గొట్టాలను ఉండాల్సిన దానికంటే పొట్టిగా కోసేది. అది తప్పు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆర్విల్ ట్వైట్ ఆ మాట చెబుతూనే ఉన్నాడు, ఆమె కోస్తూనే ఉంది. ఏప్రిల్‌లో, తప్పు ఒప్పుకోకుండానే పోయింది.

పేల్చిన ప్రతిసారీ ఇత్తడి గొట్టం కాస్త సాగుతుంది. సాగినంత మేర మూతి దగ్గర కోసి, మళ్లీ మందు పోసి, గుండు బిగించాలి. పొడవు ఎంతదాకా ఉండొచ్చో పుస్తకంలో ఉంటుంది. ఆర్విల్ సరిగ్గా అంతదాకా వదిలేవాడు. మార్లిస్ ఇంకో వెంట్రుకవాసి తగ్గించేది. తన తుపాకీకి తూటాలు తనే చేసుకునేది, మొగుణ్ణి దాని దగ్గరికి రానిచ్చేది కాదు.

తన బూడిదను తూటాల్లో పెట్టి, తన తుపాకీతోనే, ఊరి వెనక ఎండులోయ అవతలి గట్టు మీదికి పేల్చమని ఆమె చివరి కోరిక. మోంటానాలో అలా అడిగిన మొదటి మనిషేం కాదు. పేల్చాల్సింది ఆర్విల్, శనివారం నాడు. మంగళవారం పొద్దున కాఫీ తాగుతూ అతను తేల్చుకున్నాడు. ఆ తూటాలు తన కొలతతోనే చేస్తాడు. ఆ కాపురంలో చివరి మాట ఒక్కటైనా తనది కావాలి.

గొట్టాల మూతులు కోసే చేతి ట్రిమ్మర్‌ను మార్లిస్ పోయేముందు తమ్ముడు డ్వేన్‌కు ఇచ్చేసింది. మొగుడికి ఇవ్వలేదు. అందుకని ఆర్విల్ తుపాకీ సామాన్లు అమ్మే లైల్ కొట్టుకు వెళ్లి కొత్తది అడిగాడు.

"చేత్తో తిప్పేదే తీసుకో," అన్నాడు లైల్. "ఎంత తెగుతోందో చేతికి తెలుస్తుంది."

"అది మా ఆవిడ పద్ధతి. కరెంటుది చూపించు."

"కరెంటుది నువ్వు ఎంతకు బిగిస్తే అంతకే కోస్తుందయ్యా. బిగించడం తప్పితే అన్నీ తప్పుతాయి."

"నేను తప్పు బిగించను."

"అవునవును. మార్లిస్ కూడా అదే చెప్పేది, నువ్వసలు తప్పే చెయ్యవని," అన్నాడు లైల్ మొహం కదలకుండా.

ఇంటికొచ్చి షెడ్డులో కూర్చున్నాడు. కాఫీ డబ్బాలోంచి బూడిద తీసి, కొన్ని గుండ్ల ముక్కు గుంటల్లో చిటికెడేసి నింపి, పైన మైనం అద్ది, సరిగ్గా ఉన్నాయా అని వెంట్రుకవాసి కూడా చూపే కాలిపర్ దవడల మధ్య పెట్టి ఒక్కొక్కటీ కొలిచాడు. తరవాత అదే కాలిపర్‌తో గొట్టాలను కొలుస్తూ ట్రిమ్మర్ బిగించి, కొన్నిటిని కోశాడు. పుస్తకం చెప్పినంతే వచ్చాయి. వాటిని బల్ల మీద వరసగా నిలబెట్టి, కాలిపర్‌ను చొక్కాకు తుడిచి పెట్టెలో పెట్టాడు.

బుధవారం పొద్దున తలుపు తీయగానే సన్నగా ఊళ వినబడింది. గడపకింద దూరిన గాలి గొట్టాల నోళ్ల మీదుగా పోతోంది. నిన్న కూడా మోగాయి. ఈరోజు స్వరం కొంచెం హెచ్చినట్టు తోచింది. కాలిపర్ తీసి ఒకదాన్ని కొలిచాడు. పొట్టి. రెండోదీ పొట్టే. అన్నీ పొట్టివే, వెంట్రుకవాసి. సరిగ్గా మార్లిస్ కొలత.

కుక్క వాకిట్లోనే కూర్చుంది. పిలిచినా లోపలికి రాలేదు.

ఆర్విల్ దయ్యాలను నమ్మడు. బావమరదుల్ని అంతకన్నా నమ్మడు. అక్క ట్రిమ్మర్ పట్టుకుని డ్వేన్ రాత్రి దూరాడని తీర్మానించాడు. మళ్లీ కొన్ని గుండ్లు నింపి, కొలిచి, మళ్లీ కొన్ని గొట్టాలు కోసి, ఈసారి తలుపుకు తాళం వేసి తాళంచెవి మెడలో వేసుకున్నాడు.

గురువారం వేసిన తాళం వేసినట్టే ఉంది. గొట్టాలు ఊళ వేస్తున్నాయి. అన్నీ పొట్టివి.

అప్పుడే పక్కింటి వెర్నా గుడ్లు ఇవ్వడానికి వచ్చింది. ఆర్విల్ మొహం చూసి బుట్ట కింద పెట్టింది.

"ఏమైంది అన్నయ్యా? అట్లా తెల్లబోయావు?"

"ఎవరో నా గొట్టాలు కోస్తున్నారు. తాళం వేసి ఉండగా."

వెర్నా లోపలికి తొంగి చూసింది. కొక్కేనికి మార్లిస్ ఏప్రన్ మెల్లగా ఊగుతోంది. ఆమె గొంతు తగ్గించింది.

"ఎవరో ఏమిటి అన్నయ్యా? నీ కోత ఆమెకు ఎన్నడు నచ్చింది గనక?"

మధ్యాహ్నానికి చర్చి ఆడవాళ్లు హాట్‌డిష్ అని వాళ్లు పిలిచే బంగాళాదుంపల వంటకం పళ్లేలతో దిగారు. తినమని వంటింట్లో పెట్టారుగానీ షెడ్డు గడప ఎవరూ దాటలేదు. పాస్టరు ఒక్కడు లోపలికెళ్లి ట్రిమ్మర్ మీద చెయ్యి పెట్టి ప్రార్థించబోయి, అది చల్లగా ఉందని చెయ్యి తీసేశాడు. సాయంత్రానికి పై రోడ్డులో ఉండే గిల్బర్ట్ ఒక సంచి నిండా తన గొట్టాలు మోసుకొచ్చాడు.

"ఏమీ అనుకోకు ఆర్విల్. నావి ఎల్క్ దుప్పుల వేటకు కావాలి. రాత్రికి ఇక్కడ పెట్టి పోతాను. మార్లిస్ ఎట్లాగూ కోస్తోంది కదా, మా వాటినీ ఓ చూపు చూడమను."

"నా పెళ్లాం నీకు కూలిమనిషట్రా?"

"పొద్దున్నే వచ్చి తీసుకుపోతాలే," అని సంచి వదిలి వెళ్లాడు. అతన్ని చూసి మరో ఇద్దరు కూడా తెచ్చారు.

శుక్రవారం వాళ్ల గొట్టాలు తెచ్చినవి తెచ్చినట్టే ఉన్నాయి.

"నేనంటే ఆమెకు మొదట్నించీ పడదు," అని గొణుక్కుంటూ గిల్బర్ట్ సంచి ఎత్తుకుపోయాడు.

ఊరంతా పాకిన కథ డ్వేన్ చెవిన కూడా పడింది. అతను వచ్చేసరికి ఆర్విల్ చివరి గుండ్లు నింపి, కొలిచి, చివరి గొట్టాలు కోసి, ఎదురుచూస్తున్నాడు.

"రారా దొంగా! ఎట్లా దూరుతున్నావో చెప్పు."

"నేనెందుకు దూరతాను బావా? నాకు ఆవులున్నాయి, పనుంది. ఏదీ, ఇప్పుడు కోసినవి చూడనీ." డ్వేన్ జేబులోంచి తన కాలిపర్ తీసి కొలిచాడు. "ఇవి పొట్టిగానే ఉన్నాయిగా."

"ఇప్పుడే కోశాను. కొలత సరిగ్గా ఉంది." ఆర్విల్ తన కాలిపర్‌తో కొలిచి చూపించాడు. సరిగ్గానే ఉంది.

ఇద్దరూ ఒకే గొట్టాన్ని మార్చి మార్చి కొలిచారు. ఏప్రన్ ఊగడం ఆగింది.

"నీది సున్నా చూసుకున్నావా బావా?"

"ముప్పై ఏళ్లుగా కొలుస్తున్నాను. నాకు సున్నా నేర్పుతావా?"

డ్వేన్ ఆ కాలిపర్ లాక్కుని దవడలు మూశాడు. ముల్లు సున్నాకు రాలేదు. వెలుగుకు ఎత్తి చూశాడు. దవడల మధ్య బూడిదరంగు రేణువు ఒకటి ఇరుక్కుని ఉంది. డ్వేన్ గోరు చాచాడు.

"గీకకురా! అది మీ అక్క!"

గోరు గాలిలో ఆగిపోయింది.

ఎవరూ దూరలేదు. గుండ్లు కొలిచిన ప్రతిసారీ ఆమె రేణువై దవడల మధ్య చేరింది, గొట్టాన్ని ఆ మేర పొడుగ్గా చూపిన దొంగ కొలతతో ఆర్విల్ కోశాడు, కాలిపర్ తుడిచినప్పుడల్లా రాలిపోయి మర్నాడు అసలు కొలత చూపించింది. దాని మందం ఎంతో డ్వేన్ కొలిచాడు. ఆలుమగల వాదన ఎంత మందమో అంతే ఉంది. మూడుసార్లూ అంత మందం రేణువే ఎందుకు చేరిందో ఇద్దరూ అనుకోలేదు, అనుకోదలచలేదు.

"పాడైపోయాయి," అన్నాడు ఆర్విల్. "ఇవి అవతల పారేసి రేపటికి నా కొలతతో మళ్లీ కోస్తాను."

డ్వేన్ మొహం పాలిపోయింది. "అక్క తుపాకీకా? బావా, దాని బ్యారెల్ నాన్న ఇంట్లో తొలిచాడు. తూటా కూర్చునే చోటు పొట్టిగా వచ్చింది. నీ కొలత గొట్టం అందులో పెడితే మూతి గుండును పట్టేస్తుంది, ఒత్తిడికి తుపాకీ వెనక బిగించే బోల్టు ఊడొచ్చి నీ కంట్లో దిగుతుంది. ఇన్నేళ్లూ అక్క నీకు చెప్పలేదా?"

"పొట్టిగా కొయ్యాలంది."

"ఎందుకో చెప్పలేదా?"

"లేదు."

"నువ్వు అడిగావా?"

గాలి గడపకింద దూరింది. బల్ల మీద గొట్టాలన్నీ ఒక్కసారి మోగాయి.

శనివారం ఆర్విల్ ఆ పొట్టి గొట్టాలతోనే పేల్చాడు. బోల్టు వెన్నలా నడిచింది. అవతలి గట్టు మీద దుమ్ము లేచింది, గాలి దాన్ని తీసుకుపోయింది. రెండు కళ్లతోనూ చూశాడు. ఆడవాళ్లు ముక్కులు తుడుచుకున్నారు.

బండి ఎక్కబోతుంటే డ్వేన్ దగ్గరికొచ్చాడు. "అయితే అక్కదే సరైన కొలత అని ఒప్పుకున్నట్టేనా బావా?"

"ఈ సంగతి నా దగ్గర మళ్లీ ఎత్తకు," అన్నాడు ఆర్విల్. డ్వేన్ ఎత్తలేదు. ఆర్విల్ కూడా దాని గురించి ఈరోజుకీ మాట్లాడడు, అడిగినవాళ్లకు కాఫీ కూడా పోయడు.