‘ఆపండి’ అనడానికి అనుమతి

ఇకమీదట మా షూటింగ్ క్లబ్బులో ఎటువంటి ప్రమాదమూ జరగబోదని, ఒకవేళ జరిగినా క్లబ్బు దాన్ని గుర్తించబోదని కొత్త అధ్యక్షులు మంత్రిగారు బాధ్యతలు స్వీకరించిన రోజునే ప్రకటించారు. సభ్యులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇంతకాలం మా క్లబ్బులో ప్రమాదాలు జరగకపోవడానికి కారణం జాగ్రత్త అనుకునేవాళ్లం. ప్రకటన లేకుండానే ఆ పని జరిగిపోతూ వచ్చిందనీ, అది పద్ధతి కాదనీ ఆ రోజే తెలిసింది.

మంత్రిగారి గొప్పతనం చెప్పే ముందు మా బాబాయి గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఆయన క్లబ్బులో రేంజ్ ఆఫీసరు. పేరు ఘనమే గాని ఉద్యోగం టెంపరరీ. సభ్యులు వరసగా నిలబడి గురిబోర్డుల మీదికి కాలుస్తూ ఉంటే, వెనకాల నిలబడి, ఎక్కడైనా తేడా కనిపిస్తే ‘ఆపండి’ అని అరవడం ఆయన పని. క్లబ్బు వెనక రెండు గదుల క్వార్టర్స్ ఇచ్చారు. బాబాయి, పిన్ని, చదువు కోసం వాళ్ల దగ్గరుంటున్న నేను, ముగ్గురం అందులోనే సర్దుకున్నాం. ఉద్యోగం పర్మనెంట్ చెయ్యమన్న ఫైలు పాత అధ్యక్షులందరి బల్లల మీదా కునుకు తీసి, ఇప్పుడు మంత్రిగారి బల్ల మీదికి చేరింది. ఆయన సంతకం పెడితే ఇల్లు నిలుస్తుంది. పెట్టకపోతే గిన్నెలు సర్దుకోవాలి.

మా క్లబ్బులో ‘ఆపండి’ అనే మాటకు ఒక మర్యాద ఉంది. ఆ మాట ఎవరైనా అనవచ్చు, సభ్యులే కానక్కర్లేదు. అది చెవిన పడగానే తుపాకీ ఖాళీ చేసి, బల్ల మీద పెట్టి, పసుపు గీత వెనక్కి వచ్చి నిలబడాలి. ఎందుకు ఆపమన్నారని ఆ తర్వాతే అడగాలి. ఒకసారి గురిబోర్డుల మధ్యకు కుక్క వచ్చిందని క్యాంటీన్ అక్క అరిస్తే, రిటైర్డ్ జడ్జిగారంతటివారు తుపాకీ దించి, గీత వెనక్కి వచ్చి, అప్పుడు ‘ఏమ్మా?’ అన్నారు. విషయం తెలిశాక థాంక్స్ చెప్పి టీ తాగి వెళ్లారు.

మంత్రిగారు మొదటిరోజు ప్రాక్టీసుకు వచ్చినప్పుడు ఆయన వెనక పాతికమంది, ఆ పాతికమంది వెనక ఫోటోగ్రాఫరు వచ్చారు. మంత్రిగారికి చేతులు తిప్పకుండా మాట్లాడే అలవాటు లేదు. చేతిలో పిస్తోలు పట్టుకుని, గురిబోర్డుకు వీపు పెట్టి, “అందరూ బాగున్నారా?” అని కుడి నుంచి ఎడమకు వరసగా పలకరించారు. పిస్తోలు కూడా అదే వరసలో పలకరించింది.

“ఆపండి!” అని అరిచాడు బాబాయి.

సభ్యులంతా తుపాకులు పెట్టేసి గీత వెనక్కి వచ్చారు. మంత్రిగారు మాత్రం ఎవరి మీద అరిచారో చూద్దామని చుట్టూ చూశారు. పిస్తోలు కూడా చూసింది.

“ఎవర్నయ్యా ఆపమంటున్నావ్?”

“తమర్నే సార్. పిస్తోలు మనుషుల మీదికి తిరిగింది.”

“ఇందులో గుళ్లు లేవయ్యా.”

“లేవని తెలిసినా ఉన్నట్టే అనుకోవాలి సార్. అది మొదటి రూలు.”

“లేనిదాన్ని ఉన్నట్టు అనుకోవడం బడ్జెట్లో చేస్తాం. ఇక్కడెందుకు?”

ఈ మాటకు పాతికమందీ నవ్వారు. సెక్రటరీగారు అందరికంటే ఎక్కువసేపు నవ్వారు. ఆయన్ని క్లబ్బులో అందరూ ‘అలాగేగారు’ అంటారు. వరసగా ఐదుగురు అధ్యక్షులకు ‘అలాగే సార్’ అని చెప్పి, ఆరో ఆయనకు చెప్పడానికి ఆరోగ్యంగా ఉన్న మనిషి.

ఇంటికొచ్చాక పిన్ని తల పట్టుకుంది.

“ఆయన మీద అరిచారా? సంతకం పెట్టేది ఆయనేనని తెలుసుగా?”

“పిస్తోలు జనం మీదికి తిప్పాడే.”

“అయితే కాస్త చిన్నగా అరవకపోయారా?”

“చిన్నగా అరిస్తే దాన్ని అరుపనరే.”

“పెళ్లయిన కొత్తలో నామీద అరవమంటే నోరు పెగల్లేదు. ఇప్పుడు దొరికాడా మంత్రి!” అని పిన్ని వంటింట్లోకి వెళ్లిపోయింది.

మంత్రిగారు పెద్దమనసు గల మనిషి. బాబాయిని ఏమీ అనలేదు. రూల్సునే మార్చారు. సేఫ్టీ సబ్ కమిటీ వేసి, దానికి తానే చైర్మన్‌గా ఉండి, తన ప్రతిపాదనలను తానే మెచ్చుకుని ఆమోదించారు. నోటీసు బోర్డు మీద పాత రూల్సు కాగితం చింపేసి కొత్తది అంటించారు.

తుపాకీ ఎప్పుడూ సురక్షితమైన దిక్కుకే చూపాలని పాత రూలు. అధ్యక్షులవారి తుపాకీ ఎటు చూపితే అదే సురక్షితమైన దిక్కని కొత్త రూలు. ఆ దిక్కున ఉన్న సభ్యులు వెంటనే ఖాళీ చేసి అధ్యక్షులవారి వీపు వెనక్కి చేరుకోవాలి. ఇక ‘ఆపండి’ అన్న మాట విషయం. సాటి సభ్యుల మీద ఎప్పటిలాగే అరవవచ్చు. అధ్యక్షులవారిని ఉద్దేశించి అరవదలిస్తే మాత్రం ముందుగా చేతులు కట్టుకుని, వారి అనుమతి పొంది, ఆ తర్వాత అరవాలి.

పళ్ల డాక్టరమ్మ మా క్లబ్బులో పాత సభ్యురాలు. అందరి నోళ్లూ తెరిపించే వృత్తి కాబట్టి ఆవిడ ఒక్కరే నోరు తెరిచారు.

“అనుమతి ఇచ్చేలోపు గుండు వచ్చేస్తే?”

“గుండు రావడానికి కూడా అనుమతి పెడదాం మేడమ్. వచ్చే మీటింగులో,” అన్నారు మంత్రిగారు.

“అలాగే సార్,” అన్నారు సెక్రటరీగారు.

ఆ వారమంతా రిహార్సల్సు జరిగాయి. మంత్రిగారు రేంజ్ మధ్యలో పిస్తోలు పట్టుకుని నిలబడి ఫోనులో మాట్లాడేవారు. కుడికి తిరిగితే సభ్యులంతా ఎడమవైపు నుంచి ఆయన వెనక్కి పరుగు. ఎడమకు తిరిగితే కుడివైపు నుంచి. ఫోనులో ఎవరో కోపం తెప్పించినప్పుడు ఆయన గిర్రున తిరిగేవారు. అప్పుడు క్లబ్బు మొత్తం ఆయన చుట్టూ పూర్తి ప్రదక్షిణ చేసేది. జడ్జిగారికి మోకాళ్ల నొప్పులు. ఆయన కోసం చక్రాల కుర్చీ కొన్నారు. దాన్ని తోసే బాధ్యత అలాగేగారు తీసుకున్నారు.

“వాకింగ్ కూడా కలిసొస్తోందండీ,” అన్నారు రొప్పుతూ.

పేపర్లో ఫోటో వచ్చింది. ‘నాయకుడి వెన్నంటి నడుస్తున్న క్లబ్బు’ అని కింద రాశారు. అబద్ధం ఒక్కముక్క లేదు.

వారం చివర సేఫ్టీ వారోత్సవాల సభ. షామియానా వేశారు, బ్యాండు మేళం పిలిచారు. బయటి అతిథులు చాలామంది వచ్చారు. వాళ్లెవరికీ మంత్రిగారి చుట్టూ తిరిగే శిక్షణ లేదు. పిన్ని, నేను రెండో వరసలో కూర్చున్నాం. ఈ సభలోనే పర్మనెంట్ ఆర్డరు ఇస్తారని అలాగేగారు చెవిలో వేయడంతో పిన్ని పెళ్లినాటి చీర కట్టుకుంది.

“ఒక్క గంట నోరు మూసుకుని ఉండండి. జన్మలో ఇంకేమీ అడగను,” అని బాబాయికి పొద్దుటే చెప్పింది. బాబాయి తలూపాడు.

మంత్రిగారు గురిబోర్డు మీదికి కాల్చి వారోత్సవాలు ప్రారంభించారు. బోర్డుకు ఏమీ కాలేదు. చప్పట్ల మధ్య, పిస్తోలు ఖాళీ చెయ్యకుండా, అలాగే చేతిలో పట్టుకుని తిన్నగా మైకు దగ్గరికి వచ్చేశారు.

“భద్రత అంటే ఏమిటి?” అని ప్రశ్నించారు మంత్రిగారు, పిస్తోలుతో మొదటి వరసను చూపిస్తూ. మొదటి వరస మొత్తం తలలు వంచేసింది.

బాబాయి స్టేజీ పక్కకు వెళ్లి చేతులు కట్టుకున్నాడు. “సార్, ఒక చిన్న అనుమతి.”

“ప్రసంగం మధ్యలో ఏంటయ్యా?”

“ఆపండి అనడానికి సార్.”

“ఇప్పుడే కదా మొదలుపెట్టాను! తర్వాత రా.”

“తర్వాత పనికిరాదు సార్.”

“చూశారా,” అన్నారు మంత్రిగారు జనంతో, “తొందరపాటే ప్రమాదాలకు మూలం.” మూలం అన్నప్పుడు పిస్తోలు రెండో వరసకు వచ్చి, పిన్ని దగ్గర ఆగింది. ఆయన వేలు మీట మీదే ఉంది. పిన్ని కదల్లేదు. చీర కొంగు నోట్లో కుక్కుకుని బాబాయి వంక చూసింది.

“ఆపండి!”

అంత గొంతు బాబాయికి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. ఎన్నో ఏళ్ల అలవాటు కదా, సభ్యులంతా చేతిలో ఏముంటే అది కింద పెట్టేశారు. టీ కప్పులు, పూలగుత్తులు, శాలువాలు, సెల్‌ఫోన్లు అన్నీ నేల మీదికి చేరాయి. బ్యాండువాళ్లకు రూలు తెలియకపోయినా డప్పులు దించేశారు. మంత్రిగారు ఒక్కరే ఉలిక్కిపడ్డారు. చెయ్యి పైకి లేచింది, పిస్తోలు పేలింది, రేంజ్ రేకుల కప్పుకు చిల్లు పడింది. ఏళ్లనాటి దుమ్ము ఆయన తల మీదికి నిదానంగా దిగింది.

కుర్చీల్లో ఎవరూ మిగల్లేదు. అందరూ కుర్చీల కిందే ఉన్నారు.

మంత్రిగారు దుమ్ము దులుపుకుని మైకు సరిచేసుకున్నారు. “భద్రత ఎంత అవసరమో మాటల్లో చెబితే అర్థం కాదని, స్వయంగా చేసి చూపించాను,” అన్నారు.

కుర్చీల కింద నుంచి చప్పట్లు వినిపించాయి. పడుకుని చప్పట్లు కొట్టడం తేలిక కాదు. అయినా కొట్టారు.

ఆ మధ్యాహ్నమే విచారణ జరిగింది. గుండు అధ్యక్షులవారు చూపిన దిక్కుకే వెళ్లినందువల్ల రూలు అతిక్రమణ లేదని తేలింది. సురక్షితమైన దిక్కులో అడ్డంగా ఉండడం కప్పు తప్పని నిర్ణయించారు. అధ్యక్షులవారు ఉలిక్కిపడడానికి కారణమైన అరుపు మాత్రం అనుమతి లేనిది. కాబట్టి రేంజ్ ఆఫీసరును తొలగించారు, క్వార్టర్స్ ఖాళీ చెయ్యమన్నారు.

“అలాగే సార్,” అని సంతకం పెట్టేముందు సెక్రటరీగారు పెన్ను రెండుసార్లు కింద పెట్టి తీశారని పళ్ల డాక్టరమ్మ చెప్పారు. ఆవిడ ఎవరి గురించీ ఊరికే మంచి చెప్పరు.

పిన్ని చీర మార్చుకుని గిన్నెలు సర్దడం మొదలుపెట్టింది. బాబాయి గుమ్మంలో కూర్చున్నాడు.

“నోరు మూసుకుని ఉండమన్నావు. ఉండలేకపోయాను,” అన్నాడు.

“ఆ అరిచేదేదో ముందే అరవలేకపోయారా? నా ప్రాణాలు పైకి పోయి వచ్చాయి,” అని పిన్ని ఆయన ముందు కాఫీ గ్లాసు పెట్టింది. ఆ రోజుకు చక్కెర ఎక్కువే వేసింది.

అంతలో మంత్రిగారి కారు వచ్చి మా గుమ్మం ముందు ఆగింది. డ్రైవరు దిగి చెమట తుడుచుకుంటూ, “సార్ వెంటనే రమ్మంటున్నారు. ఒక్క నిమిషం కూడా ఆలస్యం చెయ్యొద్దన్నారు,” అన్నాడు. కేసు పెడతారేమోనని పిన్ని భయపడి, తోడుగా నన్ను కూడా కారెక్కించింది.

మంత్రిగారి హాలు మా స్కూలంత ఉంది. లోపల మనుషులెవరూ కనబడలేదు. సోఫా మీద ఆయన మనవడు, ఆరేడేళ్లవాడు, నిలబడి ఉన్నాడు. వాడి చేతిలో ఎయిర్‌గన్. వారోత్సవాల సందర్భంగా ఎవరో కాంట్రాక్టరు ఇచ్చిన బహుమతట. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పుతూ, “అందరూ బాగున్నారా?” అంటున్నాడు.

“వచ్చావా నాయనా!” అని భోజనాల బల్ల కింద నుంచి మంత్రిగారి గొంతు వినిపించింది. ఆయన పక్కన ఆయన భార్య, ఆవిడ పక్కన ఇద్దరు గన్‌మెన్లు. “అరవవయ్యా! త్వరగా!”

బాబాయి చేతులు కట్టుకున్నాడు. “అనుమతి సార్?”

“అనుమతేంటయ్యా నీ మొహం! పసివాడి చేతిలో తుపాకీ ఉంటే అనుమతులు అడుగుతారా ఎవరైనా?”

“ఆపు నాన్నా!” అని అరిచాడు బాబాయి.

పిల్లవాడు వెంటనే తుపాకీ సోఫా మీద పెట్టేసి, దిగి, నాలుగడుగులు వెనక్కి వెళ్లి, “ఎందుకంకుల్?” అన్నాడు. బాబాయి వాడి దగ్గర గొంతుకూర్చుని మెల్లగా చెబుతూ ఉంటే, బల్ల కింద నుంచి ఒక్కొక్కరే బయటికి వచ్చారు.

“నువ్వు రేపట్నుంచి ఇక్కడే,” అన్నారు మంత్రిగారు మోకాళ్లు దులుపుకుంటూ. “మా ఇంట్లో పర్మనెంట్. క్వార్టర్సు కూడా ఇస్తాను. ఇంట్లో పిల్లలున్నప్పుడు అరిచే మనిషి ఉండాలయ్యా.”

“మరి క్లబ్బులో సార్?”

“అక్కడెందుకు? అక్కడున్నది సభ్యులేగా.”

“అర్థమైంది సార్. ఇక్కడ ఎవరి మీదైనా అరవొచ్చా?”

“పిల్లల మీద ఎప్పుడైనా అరవొచ్చు. నా మీదైతే క్లబ్బు పద్ధతే. ఇల్లు కదా అని మర్యాద తప్పకూడదు.”

“అలాగే సార్,” అన్నాడు బాబాయి. ఆ మాట ఆయన నోట నేను వినడం అదే మొదటిసారి.

మంత్రిగారికి చాలా సంతోషం కలిగింది. సోఫా మీది ఎయిర్‌గన్ చేతిలోకి తీసుకుని, “అసలు ఇందులో ఏమైనా ఉందా అని!” అంటూ గొట్టాన్ని తనవైపు తిప్పుకుని, ఒక కన్ను మూసి, రెండో కన్ను దాని చివర ఆనించి, బొటనవేలితో మీటను తడుముకున్నారు.

బాబాయి చేతులు కట్టుకున్నాడు. “సార్, ఒక చిన్న అనుమతి...”

“ఉండవయ్యా, చూస్తున్నానుగా,” అన్నారు మంత్రిగారు.