నేరేడు పిలకలూ, నా మనశ్శాంతీ

వాకిట్లో అక్కర్లేని మొలకలు లేనివాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. పాపం, కోపం వస్తే వాళ్లు ఎక్కడికి వెళతారు? డాక్టరు దగ్గరికా? యోగా క్లాసుకా? లేక, కొంపదీసి, కోపం తెప్పించిన మనిషి దగ్గరికేనా?!

నాకా దుర్గతి లేదు. నాకు నేరేడు మొలకలున్నాయి!

వాటి పుట్టుక ముందు చెప్పాలి. నేను ఒంటరివాణ్ణి. వాకిట్లో నేరేడు చెట్టు, దాని కింద కుర్చీ, కుర్చీలో నేను. మొత్తం సంసారం అంతే. పక్క వీధిలో ఉండే అక్కావాళ్లు కారు కొన్నారు. వాళ్లింట్లో దానికి చోటు లేదు. "రెండ్రోజులేనోయ్ బామ్మర్దీ, షెడ్డు వేయించేస్తున్నా" అంటూ బావ దాన్ని తెచ్చి నా నేరేడు కింద నిలబెట్టాడు. కారేమో తెల్లది. రోజులేమో పండ్లు రాలేవి. ఇక మీకు చెప్పేదేముంది?

కారు తీసేస్తాడనుకున్నాను. "చెట్టు కొట్టించేద్దామా?" అన్నాడు.

నేను నవ్వాను. వద్దు అనాల్సిన చోటల్లా నవ్వడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. మనసులో అణచిపెట్టింది చావదనీ, ఇంకో దారి వెతుక్కుని పైకి వస్తుందనీ లావుపాటి పుస్తకాలు చదివినవాణ్ణే. అయినా నవ్వాను. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి కారుంది, మోడుంది.

వానలు పడ్డాయి. మోడు చుట్టూ పిలకలు! రాలిన గింజ గింజకూ మొలకలు! ఒక్క చెట్టు పోయి వాకిలంతా అడవి లేచింది!

మొదట్లో అజ్ఞానంతో విసుక్కున్నాను. పీకడం మొదలుపెట్టాక జ్ఞానోదయమైంది. మొలక వేరుతో సహా ఊడి వచ్చేటప్పుడు 'టప్'మని చిన్న చప్పుడు చేస్తుందే, ఏ మందుబిళ్లలో ఉందండీ అంత హాయి?

ఇప్పుడు ప్రతి మొలకకూ ఒక మనిషిని కేటాయించాను. నంగిగా తల వంచుకుని ఉండేది మా మేనేజరు. ఆదివారం దాన్ని పీకేసి సోమవారం ఆయనకు గుడ్ మార్నింగ్ చెబితే నా గొంతులో తేనె కారుతుంది! ఎంత లాగినా రాక సగానికి తెగి, మళ్లీ తయారయ్యేది ఇన్సూరెన్స్ ఏజెంటు. జంటగా మొలిచినవి గోడ అవతల టీవీ మోగించే దంపతులు. వాళ్లను విడదీయకుండా ఒకే గుప్పిట పట్టి లాగుతాను. నాకూ మానవత్వం ఉంది!

మోడులోంచి వచ్చే బలమైన పిలక ఒకటుంది. ఒకచోట నరికితే మూడుచోట్ల లేస్తుంది. దానికి ఎవరిని కేటాయించానో చెప్పను. బంధుత్వాలు చెడతాయి.

పైగా ఎంత సంఘసేవ! ఇన్నేళ్లుగా నన్ను పలకరించని వీధి, నేను గునపం పట్టగానే గేటు దగ్గర చేరింది. మరిగే నీళ్లు పొయ్యమని ఒకరు, ఉప్పు చల్లమని ఒకరు, ఇల్లు మారమని ఒకరు!

మొన్న బావ కారు తీస్తూ ఆగాడు.

"ఏమోయ్, ఇంకా పీకుతూనే ఉన్నావా? సిమెంటు చేయించెయ్, పీడా పోతుంది. నా టైర్లకూ బురదంటదు."

"మీ షెడ్డు సంగతేమైందండీ?" అంది ముందు సీట్లోంచి అక్క.

"ఇక షెడ్డెందుకే? ఇక్కడ హాయిగా ఉందిగా!"

అక్క నా వైపు తిరిగింది. "నోట్లో బెల్లముందా, మాట్లాడవేంరా? ఇల్లు నీది కాదూ?"

నేను నవ్వాను.

"చూశావా, వాడికీ ఇష్టమే! ఆదివారం మేస్త్రీని పంపిస్తున్నా" అన్నాడు బావ.

పాఠకులారా, ఆదివారం! సిమెంటు పడితే మొలకలుండవు. మొలకలు లేకపోతే మా మేనేజరును ఏం చెయ్యాలి? ఏజెంటును ఎక్కడ పీకాలి? ఒక మనిషి మానసిక ఆరోగ్యం మీద ఇంత మందాన కాంక్రీటు పరుస్తుంటే సమాజం చూస్తూ ఊరుకుంటుందా?

అందుకే ఈ వారం పీకడం మానేశాను. కారు ముందు చక్రం పక్కన మొలిచినదానికైతే రెండు పూటలా నీళ్లు కూడా పోస్తున్నాను. అది ఎదిగి బానెట్టును తన్నేలోపు ఆదివారం వచ్చేస్తుందని తెలుసు. అయినా పోస్తున్నాను.

మా బావకు ఈ పేపరు వస్తుంది గానీ, ఆయన దీంతో కారు అద్దాలు తుడుస్తాడు. కాబట్టి మీలో ఎవరికైనా ఆ తెల్లకారాయన తెలిస్తే, శనివారంలోపు ఒక్క ముక్క చెప్పి పుణ్యం కట్టుకోండి. మీ బామ్మర్ది కారు తీసుకెళ్లమన్నాడని చెప్పండి. గట్టిగానే అన్నాడని చెప్పండి. నేను చెప్పానని మాత్రం చెప్పకండి.