మూడుతో పోని సంఖ్య

లోకంలో దేనికైనా లంచం పెట్టవచ్చు గానీ లెక్కకు పెట్టలేం! నాచారంలో ఓ ప్రైవేటు బడికి హెడ్మాస్టరైన చలపతిరావు గారు ఈ మాట అనకుండా ప్రార్థన ముగించిన రోజు లేదు.

ఆ ఏడు గణిత దినోత్సవానికి ఆయన ఏరికోరి ఓ సంఖ్యను ఎంచుకున్నారు. 1234567891. ఒకటితోనూ, తనతోనూ తప్ప మరి దేనితోనూ నిశ్శేషంగా భాగించబడని ప్రధాన సంఖ్య. ముఖ్య అతిథి వార్డు నాయకుడు బిక్షపతి. ఆయనకు లెక్కలంటే ప్రేమని కాదు. బడికి నల్లా కనెక్షన్ రావాలంటే ఆయన నోట మాట రావాలి. మరుగుదొడ్లలో నీళ్లు లేక ఆడపిల్లలు మధ్యాహ్నానికే ఇంటిముఖం పడుతున్నారు.

బడి గుమాస్తా ప్రశాంత్ ఉప్పల్‌లో ఫ్లెక్సీ కొట్టించుకొచ్చాడు. చూస్తే సంఖ్య తొమ్మిది దగ్గరే ఆగిపోయింది.

“చివరి ఒకటి ఏదయ్యా?”

“బిక్షపతన్న ఫొటో కింద ఉన్నది సార్.”

“ఫొటో కాస్త పక్కకు జరపకపోయావా?”

“అన్నను జరుపుతరా సార్? నంబరుకు ఓట్లున్నయా?”

సభ మొదలైంది. ‘ఎవరూ భాగించలేని మహాసంఖ్య’ అని పెద్దక్షరాలు, పక్కన చేతులు జోడించిన బిక్షపతి. కొత్తగా చేరిన లెక్కల టీచరు మానస ఊరుకోలేక లేచింది.

“సార్, అంకెలన్నీ కూడితే నలభై అయిదు. గిది మూడుతో పోతది కదా?”

బిక్షపతి మొహం చిన్నబోయింది. “ఏంది సార్, పోతదా? నా పక్కన తప్పు లెక్క పెట్టిన్రా?”

తమరి ముఖం కింద ఒకటుందని ఎలా చెప్పడం? చలపతిరావు గారు గబుక్కున మైకు అందుకున్నారు.

“అబ్బే, పోదండీ. కూడి చూసే సూత్రం చిన్న సంఖ్యలకేనమ్మా. పెద్ద సంఖ్యలకు వర్తించదు. కూర్చో.”

చప్పట్లు మోగాయి. వారంలో నల్లా ఇప్పిస్తానని బిక్షపతి మైకులో మాటిచ్చాడు. మానస కళ్లలోకి చూడలేక హెడ్మాస్టరు గారు సిగ్గుతో శాలువా సర్దుకున్నారు.

మానస మొండిఘటం. మర్నాడే ఏడో తరగతి స్లిప్ టెస్టులో ఫ్లెక్సీ మీద కనిపించిన ఆ సంఖ్యనే ఇచ్చింది, మూడుతో పోతుందా అని. తరగతి మొత్తం ఒకే జవాబు రాసింది: పోదు, పెద్ద సంఖ్య కనుక. ఆమె అందరికీ మార్కులు కోసేసింది. అందులో బిక్షపతి కూతురూ ఉంది. సాయంత్రానికి ఫోనొచ్చింది.

“స్టేజి మీద మీరే జెప్పిన్రు. నా బిడ్డ గదే రాసింది. మార్కులెట్ల కోస్తరు? నల్లా పని జర ఆపమంటరా?”

చలపతిరావు గారు ఫోను పెట్టేసి బయటికి చూశారు. మెట్ల మీద ఖాళీ బిందెలు కనిపిస్తున్నాయి. చివరికి ఎర్రసిరా కలం తీసి పిల్లలందరికీ మార్కులు కలిపారు. ఆపైన మానసకు మెమో రాశారు.

‘పెద్ద సంఖ్యల విషయమై తాము ప్రదర్శించిన తొందరపాటు విచారకరం. ఇకమీదట ఏ సంఖ్యనైనా భాగించదలచినచో ముందుగా ఈ కార్యాలయం అనుమతి పొందవలెను.’