జయరాముడి గుండెలో స్ప్రింగు

ఆ పొద్దున జయరాముడి పని చాలా చిన్నది. మంచం దిగాలి, ఉప్పు మజ్జిగ తాగాలి, కళ్యాణదుర్గం బస్సెక్కి డాక్టరుకు బీపీ చూపించుకుని రావాలి. గుండెకు స్టెంటు వేయించుకుని ఇంకా నెల తిరగలేదు. గుండె బాగానే కొట్టుకుంటోంది గాని, బీపీ మాత్రం ఆ ఊరి బావుల్లో నీళ్లలాగా అడుక్కు పోయి కూర్చుంది.

"ఒక్కసారిగా లేవొద్దు. కాసేపు కూర్చుని లేవాలి. కళ్లు తిరిగితే సిగ్గుపడకుండా ఎక్కడుంటే అక్కడే పడుకుని కాళ్లు ఎత్తులో పెట్టుకో" అని డాక్టరు చెప్పి పంపాడు. చెప్పింది డాక్టరే అయినా అమలు చేసేది భార్య నాగలక్ష్మమ్మ.

"లేస్తాండావా? లేసేటప్పుడు చెప్పి లేయి" అంది వంటింట్లోంచి.

"చెప్పి లేసేకి నేనేమన్నా కలెక్టరా?"

"కూర్చో. కూర్చుని దేవున్ని తల్సుకో. ఆపైన లేయి."

దేవుణ్ణి తలుచుకుందామని కళ్లు మూస్తే జయరాముడికి తిప్పేస్వామి కనిపించాడు. ఈ మధ్య ఎప్పుడు కళ్లు మూసినా అతనే కనిపిస్తున్నాడు.

జయరాముడు నీళ్ల పాయింట్లు చూసే మనిషి. టెంకాయను అరచేతిలో పడుకోబెట్టి చేనంతా నడుస్తాడు. అడుగున నీళ్లున్న చోట టెంకాయ లేచి నిలబడుతుందని కుందుర్పి చుట్టుపక్కల అందరి నమ్మకం. అక్కడ బోరు వేస్తారు. నీళ్లు పడితే జయరాముడి గొప్ప, పడకపోతే రైతు ఖర్మ. పద్ధతి ఇంత బాగుండబట్టి అతనికి ఇన్నేళ్లలో చెడ్డపేరు రాలేదు. కానీ అతను ఆస్పత్రిలో పడుకున్న నాలుగు రోజుల్లోనే గుమ్మఘట్ట నుంచి తిప్పేస్వామి దిగాడు. చేతిలో పంగల వేపకర్ర, మూతి మీద మెలితిప్పిన మీసం, కింద కొత్త మోటారు సైకిలు. కర్ర వంగిన చోటల్లా నీళ్లేనట. ఆ మాట విన్నప్పటి నుంచి జయరాముడికి తిన్నది అరగడం లేదు. మాత్రల వల్ల అనుకుంది నాగలక్ష్మమ్మ.

మజ్జిగ గ్లాసు చేతికి వచ్చేసరికి పక్కచేను సుబ్బన్న వాకిట్లో నిలబడి ఉన్నాడు. తల ఎత్తకుండా చెప్పాడు.

"అన్నా, ఈ పొద్దు చేన్లో పాయింటు చూపిస్తాండా. నీకు బాగలేదు కదా అని తిప్పేస్వామిని పిలిపించినా. ఏమనుకోవాకు."

"నేనేమనుకుంటానప్పా? నీ చేను, నీ బోరు."

"ఇదే ఆఖరన్నా. ఎద్దులు కూడా అమ్మేసినా. ఈసారి పడకపోతే బెంగళూరికి కూలికి పోయేదే."

సుబ్బన్న బాధ నిజమైనది. అది జయరాముడికి తెలుసు. అయినా అతని చెవిలో పడింది తిప్పేస్వామి పేరు ఒక్కటే. సుబ్బన్న చేనికి ఇంతకుముందు పాయింట్లన్నీ చూసింది తనే. అవి ఎండిపోయాయన్నది వేరే సంగతి. తన చేతి మీద ఎండిన చేనికి ఇంకొకడు వచ్చి నీళ్లు తెప్పిస్తాడా? కడుపు భగ్గుమంది. భార్య అటు తిరగ్గానే మజ్జిగ కుడితి తొట్లో పోసి, సంచి చంకన పెట్టుకుని, "బస్సుకు పోతాండా" అని కేకేసి, బస్సు వచ్చే దారికి వీపు చూపించి నడిచాడు.

సుబ్బన్న చేన్లో ఊరు సగం ఉంది. జయరాముడు గట్టు పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఎండ అప్పుడే మాడుస్తోంది. తిప్పేస్వామి కర్రను రెండు చేతులతో పట్టుకుని, పెళ్లికొడుకు నడిచినంత నెమ్మదిగా నడిచాడు. ఈశాన్యం మూలకు రాగానే కర్ర కిందికి వంగింది. "ఆడే! ఆడే!" అని జనం అరిచారు. సుబ్బన్న చేతులెత్తి మొక్కాడు.

ఆ మొక్కు చూసి జయరాముడు ఓర్చుకోలేకపోయాడు. "ఆడ నీళ్లు యాడుండాయప్పా, బండ ఉంటే!" అని అరవడానికి ఒక్క ఉదుటున లేచాడు. "ఆడ" వరకూ అన్నాడు. కళ్లు బైర్లు కమ్మాయి. డాక్టరు మాట గుర్తొచ్చింది. సిగ్గుపడకుండా ఉన్నచోటే వెల్లకిలా పడుకుని రెండు కాళ్లూ గట్టు మీద పెట్టేశాడు.

సుబ్బన్న పరిగెత్తుకొచ్చి వంగి చూశాడు. తర్వాత జనం వైపు తిరిగి కేకేశాడు.

"ఆడ అని చెప్పి ఈడ పడినాడే! టెంకాయ లేదు, ఏం లేదు. మనిషే పడిపోయినాడు!"

"కాళ్లు చూడప్పా, పైకి లేసినాయి" అన్నాడు ఒక ముసలాయన. "టెంకాయ లేసేది చూసినాం గాని, కాళ్లు లేసేది ఇప్పుడే చూస్తాండా."

జయరాముడు కళ్లు తెరిచేసరికి తల పక్కన ఎవరో రాళ్లు పేర్చి గుర్తు పెడుతున్నారు. 'బీపీ' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే తిప్పేస్వామి ముఖం కనబడింది. వాన మొహం చూడని చెనక్కాయ చెట్టులా వాడిపోయి ఉంది. ఆస్పత్రి నుంచి వచ్చాక జయరాముడి కంటికి ఇంత చల్లని దృశ్యం తగల్లేదు. నోరు మూసుకుని, కాళ్లు ఇంకొంచెం పైకి జరుపుకున్నాడు.

బస్సు వెళ్లిపోయాక మొగుడు అందులో ఎక్కలేదని తెలిసి నాగలక్ష్మమ్మ మజ్జిగ చెంబుతో పరిగెత్తుకొచ్చింది. "నీళ్లూ లేవు, గీళ్లూ లేవు! ఆయప్పకు లో బీపీ! తలకాడ రాళ్లు పెడతారేమప్పా, సమాధి కట్టినట్ల?"

"వదినా, బీపీ అంటే లోపల ప్రెషరే కదా" అన్నాడు సుబ్బన్న భక్తిగా. "భూమిలోపల నీళ్ల ప్రెషరు ఆయన్న ప్రెషరును లాగింటాది."

నాగలక్ష్మమ్మ మజ్జిగ చెంబు మొగుడి నోటికి ఆనించింది. ఇలాంటి ప్రెషరు సంగతి డాక్టరు కూడా విని ఉండడు.

సాయంత్రానికి కథ ఊరు దాటింది. గుండెలో వేసింది ఇనుప స్ప్రింగు అనీ, నీళ్లున్న చోటికి రాగానే అది మనిషిని కిందికి లాగుతుందనీ టీ అంగట్లో తేల్చారు. మర్నాడు వజ్రకరూరు నుంచి ఇద్దరు మనుషులు అరటిపళ్లతో వచ్చారు.

"అన్నా, నీళ్లకు పన్జేసే స్ప్రింగు వజ్రాలకు పన్జేయదా? ఒకసారి మా చేన్ల మీద నడిస్తే సాలు."

"వజ్రాల కాడ పడిపోయే మనిషైతే నేను మజ్జిగ చిలుకుతానా? మీ చేన్లోనే కాపురం పెడ్తా" అని నాగలక్ష్మమ్మ వాళ్లను సాగనంపింది. అరటిపళ్లు మాత్రం ఉంచుకుంది.

జయరాముడు మంచం మీద దిండుకు ఆనుకుని రాజులా కూర్చున్నాడు. తిప్పేస్వామి అన్నం మానేశాడని ఎవరో చెబితే తను రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. ఆ తిప్పేస్వామే ఎర్రబడిన కళ్లతో వాకిట్లోకి వచ్చాడు.

"ఏమప్పా జయరాముడూ, నా కర్ర ఎన్నిసార్లు నడిచినా ఆ మూలే వంగుతాది. బోరు బండి వచ్చే దినం అందరి ముందర నువ్వూ ఇంకోసారి నడువు. నీ స్ప్రింగు మళ్లీ అదే తావున పడేస్తాదా, చూస్తా."

"చూడప్పా. కండ్లు పెద్దవి చేసుకుని చూడు" అన్నాడు జయరాముడు.

తర్వాత నాగలక్ష్మమ్మ అతన్ని రెక్క పట్టుకుని కళ్యాణదుర్గం తీసుకుపోయింది. డాక్టరు ఒక మాత్ర సగం చేశాడు. రెండు రోజుల తర్వాత మళ్లీ చూసి, "బీపీ చక్కగా ఉంది, ఇక కళ్లు తిరగవు" అన్నాడు.

జయరాముడి ముఖం మాడిపోయింది. "సార్, మళ్ల తగ్గే దారి ఏమన్నా ఉండాదా?"

డాక్టరు నాగలక్ష్మమ్మ వైపు చూశాడు. నాగలక్ష్మమ్మ గోడ వైపు చూసింది.

బోరు బండి వచ్చిన రోజు చేన్లో ఊరు మొత్తం ఉంది. జయరాముడు రాళ్ల గుర్తు చుట్టూ నడిచాడు. ఏమీ కాలేదు. గొంతుక్కూర్చుని చటుక్కున లేచాడు. నిటారుగా నిలబడ్డాడు. మళ్లీ కూర్చుని మళ్లీ లేచాడు. పెళ్లి కాకముందు కూడా అంత గట్టిగా నిలబడి ఉండడు.

"స్ప్రింగు తుప్పు పట్టిందేమో" అన్నాడు తిప్పేస్వామి. జనం నవ్వారు.

సుబ్బన్న దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి బతిమాలాడు. "ఒక్కసారి పడన్నా. నీ కాళ్లకు మొక్కుతా, నిలబడాకు."

పడటం ఎంతసేపు? కళ్లు మూసి వెనక్కు వాలితే తిప్పేస్వామి మీసం కిందికి దిగిపోతుంది. జయరాముడు మోకాళ్లు వంచాడు కూడా. అప్పుడు టెంకాయ పళ్లెం పట్టుకుని నిలబడిన సుబ్బన్న భార్య కనబడింది. చెవులకు కమ్మలు లేవు. రంధ్రాలు పూడకుండా వేపపుల్లలు పెట్టుకుంది. ఆ పుల్లలు చూశాక జయరాముడి మోకాళ్లు వాటంతట అవే నిటారయ్యాయి. సిగ్గు నెత్తికెక్కింది.

"సుబ్బన్నా, ఆ పొద్దు నన్ను పడేసింది నీళ్లు కాదప్పా. బీపీ. నీ ఇంటామెను చూసినాక అబద్ధం చెప్పలేను. ఈ తిప్పేస్వామి మీద కడుపుమంటతో నోరు మూసుకున్నా. నా రాళ్లు తీసేయి."

"నేను ఆ పొద్దే చెప్పినా" అంది నాగలక్ష్మమ్మ.

తిప్పేస్వామి మీసం దువ్వాడు. గెలిచినవాడి నడకతో తన మూల వైపు బయల్దేరాడు. రోజుల తరబడి తిండీ నిద్రా లేకుండా ఈ ఘడియ కోసమే కాచుకున్నాడు. చేను నడిమధ్యకు వచ్చేసరికి ఆగాడు. కర్ర జారింది. రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని కూలబడి పక్కకు ఒరిగాడు.

జనం ఒక్కసారిగా ఈల వేశారు. "తిప్పేస్వామి కూడా పడినాడు! మూల కాదప్పా, నడిమధ్య!" ఒకడు రాళ్లు తెచ్చాడు. ఒకామె పసుపు చల్లింది. పడినవాణ్ణి లేపాలని ఎవరికీ తోచలేదు, పాయింటు చెదిరిపోతుందని భయం.

జయరాముడికి మాత్రం ఆ ముఖం మీద చెమట కనబడింది. ఎడమ చెయ్యి పట్టుకున్న తీరు కనబడింది. నెల క్రితం తనూ అలాగే పట్టుకున్నాడు.

"జరగండి! ఇది నీళ్లు కాదు, గుండె! బండి తీయండి!"

"సాల్లే అన్నా" అన్నాడు సుబ్బన్న నొచ్చుకుంటూ. "నువ్వు పడలేదని వాన్ని కూడా పడనీవా? ఇంత కడుపుమంట పనికిరాదు."

ఇన్నాళ్లూ అబద్ధానికి మొక్కిన జనం జయరాముడు నోరు విప్పి నిజం చెప్పిన రోజున నమ్మలేదు. తప్పు వాళ్లది కాదు, అతని కడుపుమంట సంగతి ఊరంతటికీ తెలుసు. జనం పేర్చిన రాళ్లను అతను కాలితో తన్నాడు. నాగలక్ష్మమ్మ చీర కుచ్చెళ్లు దోపుకుని తిప్పేస్వామి భుజాలు పట్టుకుంది, మొగుడు కాళ్లు పట్టుకున్నాడు. బోరు బండి వాళ్ల జీపులో వేసుకుని కదిలారు. దారి పొడవునా జయరాముడు పగవాడి తల ఒళ్లో పెట్టుకుని విసురుతూనే ఉన్నాడు.

"నా పాయింటు... మూల..." అని గొణిగాడు తిప్పేస్వామి.

"సుమ్మనుండప్పా. ముందు బతుకు. ఆపైన కొట్లాడుకుందాం" అన్నాడు జయరాముడు. ఆ మాట మనసులోంచే వచ్చింది.

అనంతపురం ఆస్పత్రిలో తిప్పేస్వామి గండం గడిచింది. "ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదు" అని డాక్టరు జయరాముడి భుజం తట్టాడు. చాలా కాలానికి అతని కడుపు చల్లబడింది. మర్నాడు సుబ్బన్న బట్టల నిండా బురదతో పరిగెత్తుకొచ్చాడు.

"అన్నా! పడినాయన్నా నీళ్లు! మొలెత్తు ఎగజిమ్మినాయి! ఇంగ బెంగళూరు లేదు, ఏం లేదు!"

జయరాముడికి కళ్ల నీళ్లు తిరిగాయి. సుబ్బన్నను కౌగిలించుకున్నాడు. వేపపుల్లల చోట కమ్మలు తళుక్కుమన్నట్టే అనిపించింది.

"యాడ వేసినావప్పా?"

"తిప్పేస్వామి పడిన తావునే! నువ్వు తన్నిన రాళ్లు మళ్ల పేర్చి వేసినాం. దేవుడన్నా ఆయప్ప!" సుబ్బన్న మంచం మీద ఉన్న తిప్పేస్వామి కాళ్లకు మొక్కి, జయరాముడి వైపు జాలిగా తిరిగాడు. "నువ్వేమీ బాధపడాకు. నీకు ఒక స్ప్రింగే కదా, ఏం చేస్తావు? ఆయప్పకు రెండు వేసినారంట. వజ్రకరూరు వాళ్లు బయట కాచుకోనుండారు."

తిప్పేస్వామి దిండు మీద నుంచి, లేని ఓపిక తెచ్చుకుని, మీసం మెల్లగా దువ్వాడు.

జయరాముడు ఆ మీసం వైపే చూశాడు. ముఖం ఎర్రబడటం చూసి నాగలక్ష్మమ్మ నర్సును పిలిచింది. నర్సు చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది, నమ్మలేక మిషన్ మార్చి మళ్లీ చూసింది, తర్వాత డాక్టరు కోసం గబగబా బయటికి నడిచింది.

ఆ రోజు నుంచి నాగలక్ష్మమ్మ మజ్జిగలో ఉప్పు వేయడం మానేసింది.