రక్షిత స్థలం గవరయ్య

సోమవారం పొద్దున్నే పళ్ళు తోముకుంటూ దగ్గిన గవరయ్య నోట్లోంచి రెండువందల ఏళ్ళనాటి రాగి నాణెం ఒకటి ఊడిపడింది. సాయంత్రానికి ఇంకో నాలుగు వచ్చాయి. భార్య పైడితల్లి వాటిని చింతపండుతో తోమి డబ్బాలో వేసి, మర్నాడు ఆయన్ని అనకాపల్లిలో ఆసుపత్రికి బయల్దేరదీసింది. వీధి మలుపు తిరక్కముందే ప్రాచీన సంపద శాఖ జీపు ఎదురొచ్చింది.

పాత నాణేలు ఎక్కడ దొరికితే అది రక్షిత స్థలమని నియమం. అంతవరకూ నాణేలు బయటపడ్డ పోపులడబ్బాలకీ, దిళ్ళకీ ఆ నియమం బాగానే సరిపోయింది. అధికారి జోగారావు గవరయ్య పొడవూ వెడల్పూ కొలిచి, మెడలో నీలం బోర్డు వేలాడదీశాడు: 'ఇచ్చట తవ్వుట, మార్పులు చేయుట శిక్షార్హము.'

"దగ్గుకి మందు ఏయించాల బాబూ," అంది పైడితల్లి.

"మందంటే లోపల మార్పే కదమ్మా. అనుమతి రావాలి."

పైడితల్లికి ఒళ్ళు మండింది. కానీ అంత మర్యాదగా మాట్లాడే మనిషిమీద ఎలా అరవాలో తెలియలేదు.

వారం తిరిగేసరికి సందర్శకులు మొదలయ్యారు. రక్షిత స్థలం కనబడితే మనవాళ్ళ చెయ్యి ఊరుకోదుగా. గవరయ్య వీపుమీద ఎవరో పెన్నుతో రెండు పేర్లు రాసి, మధ్యలో బాణం దిగిన గుండె గీశారు. చక్కిలిగింతకి నవ్వొచ్చి, నవ్వు దగ్గయి, ఇంకో నాణెం పడింది. శాఖవాళ్ళు రసీదిచ్చి పట్టుకెళ్ళారు. మంత్రిగారు వస్తున్నారని గవరయ్యకి నడుందాకా సున్నం కూడా కొట్టించారు. దగ్గు మాత్రం తగ్గలేదు. మనిషి సగమయ్యాడు.

పైడితల్లి పదకొండోసారి ఆఫీసుకి వెళ్ళింది.

"మందు మరమ్మతు కిందికొస్తుంది. ఆ నిధులు శిథిలావస్థలో ఉన్నవాటికేనమ్మా," అంటూ జోగారావు ఫైలు తిప్పి చూపించాడు. "మీ ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు."

"ఎంత పడిపోతే ఇస్తారు బాబూ?"

"మూడొంతులు."

ఇన్నాళ్ళకి ఒక్క మాట ఖాయంగా చెప్పినందుకు పైడితల్లి ఆయనకి దండం పెట్టి వచ్చింది.

ఇప్పుడు గవరయ్య సంగతి ఎవరడిగినా ఆమె తొణక్కుండా చెబుతుంది. మొన్న కుళాయి దగ్గర పక్కింటి అప్పయ్యమ్మ అడిగింది.

"బాగానే కూలతన్నాడు వదినా. ఎడంకాలు పడిపోనాది. వచ్చే నెలకి మందులొచ్చేత్తాయి."

"నీదే నయం," అంది అప్పయ్యమ్మ బిందె ఎత్తుకుంటూ. "మా మావ నోట్లోంచి ఒక్క నాణెమూ రాలేదు. ఆయనకి ఆసుపత్రి డబ్బుల మంజూరు కాయితం పెదకర్మ నాడొచ్చింది."