మాలిబ్డినం బయటపడింది

ఆ ఉదయం వెండెల్ హ్రుస్కా వేసుకున్న పథకం చిన్నదే: మేనేజరు లొరేన్ రాకముందే ల్యాబుకు చేరి, రెండు గాజు గొట్టాలూ చూసుకోవాలి.

గుండె ఫొటోలకు కావలసిన టెక్నీషియం ఆ గొట్టాల్లో మాలిబ్డినం నుంచి పుడుతుంది. తల్లి మాలిబ్డినాన్ని లోపలి పొడి గట్టిగా పట్టుకోవాలి. ఉప్పునీరు పోస్తే పిల్ల టెక్నీషియం మాత్రమే రావాలి. కుడి గొట్టంలో వెండెల్ చేసిన పొడి, ఎడమ దానిలో లొరేన్ తమ్ముడు అమ్మిన పొడి. ఎవరి పొడి మాలిబ్డినాన్ని వదిలితే వాళ్లు ఓడినట్టు. ఓడినవాడు వెండెల్ అయితే సీసాలు కడిగే గదికి పోవాలి. తమ్ముడు ఓడితే ఏమిటో లొరేన్ చెప్పలేదు.

వెండెల్ వచ్చేసరికి అతను రోజూ కారు పెట్టే చోట పసుపు తాడు కట్టి ఉంది. మురుగు గొట్టం కోసం తవ్విన గుంతలో మేయరు పార పట్టుకుని టీవీ కెమెరాకు నవ్వుతున్నాడు.

"కారు వెనక్కి తియ్యి! గని మీద పెడతావా?" అని లొరేన్ అరిచింది.

"ఏం గని?"

"మాలిబ్డినం గని. ల్యాబులోంచి బెర్నీస్ పొద్దున్నే ఫోన్ చేసింది, బయటపడిందని!"

చీజ్ అమ్మే కంపెనీ నుంచి నిరుడు ఈ ఉద్యోగానికి వచ్చిన మనిషి లొరేన్. బల్ల మీద కేకు కూడా ఉంది: 'మన మాలిబ్డినం బయటపడింది.'

వెండెల్ కేకు మీది అక్షరాలు చదివాడు. "బయటపడింది నేలలోంచి కాదు మేడమ్, గొట్టంలోంచి. ఆగాల్సింది కారిపోయింది. అది పనికిరాని పొడి."

మేయరు పార కింద పెట్టాడు. కెమెరా లొరేన్ వైపు తిరిగింది.

"చూశారా! పదకొండేళ్లుగా ఈయనగారు నూరిన పొడి ఇదీ!" అంది ఆమె కెమెరాతోనే. "రేపట్నుంచి సీసాలు కడుక్కో, వెండెల్. ఆ చెత్తకు డబ్బు పోసినవాడికి బుద్ధి లేదని రాసుకోండి."

అప్పుడే పరీక్షలు చేసే బెర్నీస్ చేతి తొడుగులు విప్పుకుంటూ బయటికొచ్చింది. "డబ్బు పోసి కొన్నది మీరే కదా మేడమ్? కారింది ఎడమది, మీ తమ్ముడి పొడి. వెండెల్ది చుక్క వదల్లేదు."

"ఆ ముక్క ఫోన్లో చెప్పి ఏడవొచ్చుగా!"

"చెప్పేలోపే పెట్టేశారు."

కెమెరా ఆగలేదు. వెండెల్ తాడు విప్పి, కారు దాని చోట పెట్టి, వచ్చి పెద్ద కేకు ముక్క కోసుకున్నాడు. లొరేన్ స్వయంగా ఎంచి తెచ్చినవాటిలో బాగున్నది అదొక్కటే.